రెండు కాటాలు

ఆ ఏడు ఆదోనిలో రెండు గోదాలు తవ్వినారు.
రైల్వే గేటుకు ఇవతల జిన్నింగు మిల్లు చెన్నబసప్పది,
అవతల మిరప మండీ నల్లారెడ్డిది.
ఒకే ఆదివారం, ఒకే మూడు గంటలు.
ఒకరి పోస్టరు తడి ఆరకముందే
ఇంకొకరి పోస్టరు దాని వీపెక్కి కూర్చునేది,
ముందు కుస్తీ గోడమీదనే మొదలైనట్టు.

"ఇది మనకేమన్నా మేలా?" అని అడిగితే
ఉరుకుందు పత్తి బోరెం మీద బీడీ వెలిగించి
"మేలు కాకేంరా" అన్నాడు.

మాది మార్కెట్ యార్డులో హమాలీ బతుకు.
ఇద్దరు సావుకార్లు పంతానికొస్తే
పత్తి ధర ఎట్ల లేస్తాదో చూసినోళ్లం.
వాళ్లే టీకొట్టు కాడ నవ్వుకుంటా లేచిన రోజు
రైతు మొగం ఎట్ల పడతాదో
అదీ చూసినోళ్లం.

నూరు రూపాయల టికెట్టు నలభైకి దిగింది.
చెన్నబసప్ప షామియానా వేయిస్తే
నల్లారెడ్డి షామియానా కింద మజ్జిగ పెట్టించినాడు.
ఈయనా మజ్జిగ పెడితే
ఆయన దాంట్లో అల్లం దంచి వేయించినాడు.
నిలబడి చూసే మాకు బెంచీలొచ్చినాయి.
ఎర్రమన్ను జల్లెడ పట్టి
పసుపు, నిమ్మకాయలు, నూనె పోసి తొక్కిస్తే
దూరం నుంచి పులిహోర వాసన.

పోయినేడు బస్సు చార్జీ, ఒక కండువాతో సరిపెట్టుకున్న
కోసిగి హుసేనప్పకు
నెలనెలా బాదం, పాలు, రెండు పొట్టేళ్లు.
ఎమ్మిగనూరు చాందుకు కొత్త మోటారు సైకిలు.
షరతు ఒక్కటే,
అవతలి మన్ను ఒంటికి అంటకూడదు.

హుసేనప్ప ఇక్కడ బళ్లారి వాణ్ని పడేసినాడు.
చాందు అక్కడ రాయచూరు వాణ్ని పడేసినాడు.
నేను ఈ గోదా కాడ, ఉరుకుందు ఆ గోదా కాడ,
ఇద్దరి చెవులకూ ఫోన్లు.
"మెడ పట్టినాడు." "ఈడా పట్టినాడు."
"లేపినాడు, లేపినాడు!" "యా భుజం ఆనింది?"
"డప్పుల్లో వినపడల్యా, మళ్లా చెప్పు!"
నడుమ గూడ్సు బండి పోతాంటే
రెండు గోదాల కేకలూ ఒకటే అయిపోయేవి.

రాత్రి నాకు నిద్ర పట్టల్యా.
ముప్పై ఏండ్లు మూటలు కాటాకెత్తినోన్ని.
ఒక మూట ఈ అంగట్లో తూచి
ఇంకో మూట ఆ అంగట్లో తూచి
ఏది బరువంటే ఏమని చెప్పాల?
ఒకే తక్కెడ కావాల.
ఈ తట్టలో హుసేనప్ప, ఆ తట్టలో చాందు,
నడుమ ముల్లు వణకాల.
అది చూసేకే గదా ఇన్నేండ్లు ఎండలో నిలబడింది.
నీడ ఉంది, మజ్జిగ ఉంది,
ముల్లే లేదు.

మూడో ఏడు సావుకార్లిద్దరూ
నూనె మిల్లులో పొత్తు కలిసినారు.
ఒకటే గోదా, ఒకటే పోస్టరు,
హుసేనప్పకు చాందు జోడీ.
టికెట్టు రెండు నూర్లు. షామియానా వాళ్ల చుట్టాలకు.
పోయినాం. ఎట్ల పోకుండా ఉంటాం?
హుసేనప్ప కుడి మోకాలికి గుడ్డ చుట్టుకొని దిగినాడు.
చాందుకు పొట్ట వచ్చింది.
ఒకరి మెడ మీద ఒకరు చేయేసి
పెండ్లి ఫోటోకు నిలబడినట్టు
పావుగంట నిలబడినారు.
"సమానం!" అంది మైకు.
చెరొక వెండి గద ఇచ్చినారు.
ఒక్కడు ఈల వేయల్యా.

మర్నాడు అన్నాలు తిన్నంక, పత్తి కుప్ప మీద
ఉరుకుందు తువ్వాలు నడుముకు బిగించి
"నేను హుసేనప్ప, రారా" అన్నాడు.
యాభై దాటినోళ్లం.
మూడేండ్ల కిందటి హుసేనప్ప, మూడేండ్ల కిందటి చాందు
మోకాళ్ల దాకా పత్తిలో దిగబడి
తలకు తల ఆనించి, దగ్గుతా, తిట్టుకుంటా.
తోటి హమాలీలు డబ్బాలు కొట్టినారు.
గుమాస్తా కూడా చీటీలు రాసేది ఆపి చూసినాడు.
ఎవరు గెలిచినారో చెప్పను.
వాని భుజం ఇప్పటికీ నొస్తాదంట.

నిన్న తెలిసింది,
లెక్కల కాడ సావుకార్లకు చెడిందని.
మళ్లా రెండు గోదాలంట.
ఉరుకుందు ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి
ఒక చిప్ప నా చేతిలో పెట్టి
"కొత్త పిల్లోళ్లెవరో వస్తార్లేరా" అన్నాడు.
తిన్నా. తీపిగానే ఉండింది.

టికెట్టు ముప్పై ఐదంట.