సాకమ్మ రాకముందు

రాత్రి పదకొండున్నర.
విద్యారణ్యపుర మీద మంచు కాదు గానీ
మంచులాంటిదేదో దిగుతోంది.
మధ్యాహ్నం ఎండలో పెట్టడం మరిచిన కొబ్బరినూనె సీసా
తెల్లగా బిగుసుకుని, తలకిందులు చేసినా కదలనంది.
వేడినీళ్ళలో కూచోబెట్టి, బతిమాలి, కరిగించి,
ఆముదం చేర్చి, కాస్టిక్ నీళ్ళు కలిపి,
చిక్కబడేదాకా గిలక్కొట్టి
బటర్ పేపర్ పరిచిన బూట్ల పెట్టెలో పోశాను.
పాత శాలువా చుట్టాను.
సబ్బుకీ చలేస్తుంది మరి.

అయిపోయిందనుకుంటాం.
అయింది సబ్బు. మిగిలింది గిన్నె.

గిన్నె అంచున, గరిటె మెడ దగ్గర,
బ్లెండర్ రెక్కల సందుల్లో
మీగడలా అమాయకంగా అంటుకున్నది
ఇంకా సబ్బు కాదు.
ఈ చలికి ఎల్లుండికి అవుతుందేమో.
ఇప్పటికి మాత్రం
వేళ్ళ తోలు వలిచేంత కోపం దానికి.

పోయిన నెల, మొదటి వాయి.
అన్నీ సింకులో పడేసి, కాసిని నీళ్ళు పోసి పడుకున్నాను,
రోజూ పడుకున్నట్టే.
పొద్దున సాకమ్మ వచ్చింది.
బాగేపల్లి మనిషి.
డిసెంబరు వస్తే వేళ్ళ కణుపుల మీద నెర్రెలు.
చేతులు ముంచింది.
ఒక్కసారి "స్స్" అంది. అంతే.
హాల్లో కాఫీ తాగుతూ విన్నాను.
నీళ్ళు చల్లగా ఉన్నాయా, గీజర్ వెయ్యనా
అని అడిగాను కూడా.

మూడోరోజు చపాతీ పిండి కలపమంటే
ఎడమచేత్తో కలిపింది.
"ఏమైంది?"
"ఏం లేదులేమ్మా, చలికి."
చలికి చర్మం పగులుతుంది,
ఉల్లిపొరలా ఊడిరాదు.
ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.
మధ్యలో పిండిముద్ద ఒకటి.

అందుకని ఈ రాత్రి గ్లవ్స్ తీయలేదు.
కళ్ళద్దాలూ తీయలేదు.
ముందు కాగితాలు.
ఆదివారం అనుబంధం చింపి గిన్నె తుడిచాను.
వధూవరుల ప్రకటనల మీద
జిడ్డు తెల్లగా పాకింది.
అప్పుడే నీళ్ళు తగలకూడదు.
కొవ్వు వెళ్ళి గొట్టంలో పేరుకుంటే
కింది ఇంటి నంజుండయ్యగారు
మెట్లెక్కి వస్తారు, మఫ్లర్ కట్టుకుని మరీ.

కాగితాలు కవర్లో. కవరు మూతికి ముడి.
రేపటి చెత్తబండికి వేద్దామనుకున్నాను.
తడీ పొడీ విడదీసే ఆ కుర్రాడికి
ఏ గ్లవ్స్ ఉన్నాయని!
రెండ్రోజులు బాల్కనీలోనే ఉండనీ.
కోపం దానంతటదే చల్లారాలి.

గట్టు మీద మూడు తెల్లటి పలుకులు.
ఉప్పో, కాస్టిక్కో కంటికి తెలీదు,
నాలుకనడిగే ప్రశ్న కాదు.
తడిగుడ్డతో ఒకసారి, మళ్ళీ ఒకసారి,
మూడోసారి ఎందుకో నాకే తెలీదు.
కాస్టిక్ కలిపిన మగ్గు మాత్రం
కుళాయి ధార కింద చాలాసేపు పట్టుకున్నాను.
కావేరి నీళ్ళు రేపు రావు.
అయినా పట్టుకున్నాను.

జిడ్డు గిన్నెలు బకెట్లో వేసి, మూత పెట్టి
"ముట్టుకోవద్దు" అని కాగితం రాసి అంటించాక
గుర్తొచ్చింది,
సాకమ్మకి చదువు రాదు.
తెలుగులో రాసినా, కన్నడలో రాసినా ఒకటే.
బకెట్టు బీరువా మీదికి ఎక్కించాను.
చీటీ దానికే ఉంది, నాకోసమన్నట్టు.

ఆరున్నరకి తలుపు చప్పుడు.
స్వెటర్ మీద కొంగు బిగించుకుని
నేరుగా వంటింట్లోకి వెళ్ళింది.
చప్పుడు లేదు.
వెళ్ళి చూస్తే
పొడిగా మెరుస్తున్న సింకు ముందు నిలబడి ఉంది,
ఇల్లు మారిపోయి ఎక్కడికో వచ్చినదానిలా.

"ఇంకెవర్నైనా పెట్టుకున్యారామ్మా?"

లేదన్నాను.
చెప్పాల్సింది ఇంకా ఉంది.
మొదలుపెట్టేలోగా స్టవ్ మీద పాలు పొంగాయి.
ఇద్దరం ఒకేసారి చెయ్యి చాచాం,
గుడ్డ ఆమెకే దొరికింది.