సోమవారం నాలుగింటికి

సోమవారం నాలుగింటికి పదహారు మంది దిగుతారు,
చక్రాల పెట్టెల్ని కంకరలో ఈడ్చుకుంటూ.
ఎవరికి గోధుమ పడదో, ఎవరికి పాలు పడవో
నా దగ్గర చీటీ ఉంటుంది.
ఎవరి కథలో ఎవరు చస్తారో మాత్రం
బుధవారానికి గానీ తెలీదు.

సాల్వే ఒడ్డున ఈ ఇల్లు ఒకప్పుడు ఉప్పు గిడ్డంగి.
ఇప్పుడు అయిదు రోజుల బడి.
"నేలలో వేరున్న కథలు" అని గేటుకి పలక.
వేర్లున్నవాటికి నేను రోజూ తొక్క తీస్తాను:
క్యారెట్టు, టర్నిప్, బీట్‌రూట్.

పాఠం చెప్పేది ఎల్స్‌పెత్. గొంతు చిన్నది, బూట్లు పెద్దవి.
"ఊరిని వర్ణించకండి,
మీ మనిషి దారికి అడ్డం పెట్టండి" అంటుంది.
అని, అందర్నీ వానలోకి తోలుతుంది.
తిరిగొచ్చి పొయ్యి చుట్టూ మేజోళ్ళు ఆరేస్తారు.
నోటు పుస్తకాల నిండా పొగమంచు, ఒంటరితనం, బూడిద రంగు.
అవతలి ఒడ్డు కనబడలేదన్నారు.
నాకూ కనబడలేదు,
కానీ అక్కడ ఎవరి గొర్రెలున్నాయో తెలుసు.

మంగళవారం నుంచి వంటింట్లోకి వస్తారు, టీ నెపంతో.
"థర్జా, ఆ మెత్తటి బురదని మీవాళ్ళు ఏమంటారు?"
ఒక మాట చెప్పాను. మా నాన్నది.
నడుంలోతు నీళ్ళలో, గడకి కట్టిన వలతో
సాల్మన్ కోసం నిలబడి అనేవాడు.
రాత్రికల్లా పదహారు కథల్లో తేలిందది.
పదహారు చేతులు ఉప్పేసిన సూపు.

టిమెక్ ఒక్కడే అడగలేదు.
లింకన్‌షైర్ కుర్రాడు, వాళ్ళమ్మది ఉల్లిపాయల షెడ్డులో పని.
నేను తరుగుతుంటే ఒకటి అందుకుని
వేళ్ళ మధ్య తిప్పి, "యాభై అయిదు మిల్లీమీటర్లు.
కుడివైపు బెల్టు" అన్నాడు.
వీడికి ఊరుంది, అనుకున్నాను.

బుధవారం రాత్రి కొరిన్ వచ్చింది, బర్మింగ్‌హామ్ పళ్ళ డాక్టరు.
నేను పిండి పిసుకుతుంటే కథ చదివింది.
భార్య పోయిన మనిషి, మన కిటికీ ఎదుటి నుంచే,
వచ్చే సోమవారం నాలుగింటికి
నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతాడు.

"నాలుగింటికి నీళ్ళుండవు" అన్నాను.
"మొన్న నేను దిగినప్పుడు నిండుగా ఉంది కదా!"
"పోటు రోజూ కాస్త వెనక్కి జరుగుతుందమ్మా.
వచ్చే సోమవారం ఆ వేళకి అంతా ఇసకే.
మునగాలంటే రెండు మైళ్ళు నడవాలతను."

పుస్తకం మూసేసింది. మంచిరాత్రి కూడా చెప్పలేదు.
నా రొట్టె సరిగా పొంగలేదు ఆ పూట.

తెల్లారి ఫలహారానికి ముందే వచ్చింది, జుట్టు దువ్వకుండా.
"నడిపించాను" అంది.
ఇసకలో ఒక బూటు దిగబడిపోయింది.
చెవులు గడ్డకట్టాయి.
ఎంత నడిచినా మడమ దాటని నీళ్ళు.
మధ్యలో గుర్తొచ్చింది, తాళంచెవి తలుపుకే వదిలేశానని.
తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు, ఒంటి బూటుతో.
"చావలేదు వెధవ" అంది, ఏడుపూ నవ్వూ కాని ముఖంతో.
"టీ తాగాడా?"
"రెండు చెంచాల చక్కెరతో."
గుమ్మంలో ఎల్స్‌పెత్ ఎప్పటినుంచి నిలబడిందో,
ఏమీ అనకుండా తన కప్పు ముందుకు చాపింది.

శుక్రవారం వ్యాను ఎక్కబోతూ కొరిన్ అడిగింది:
"మరి నీళ్ళు ఏ వేళకుంటాయి?"
"పట్టిక గోడకుంది, చూసుకో" అన్నాను.

మా తమ్ముడు విల్ఫ్ వెళ్ళింది ఆరూ పదికి, మార్చి నెలలో.
వాడికి పట్టిక అక్కర్లేదు.
టీ నెపంతో వచ్చినవాళ్ళెవరికీ
ఆ మాట ఇవ్వలేదు నేను.

మళ్ళీ సోమవారం. నాలుగైంది. కంకరలో చక్రాలు.
ఎవరో ఆవిడ కోటు విప్పకుండానే కిటికీ దగ్గరికెళ్ళి
"సముద్రం ఏదీ?" అంది.
వస్తుందన్నాను.
చీటీ చూశాను. ఇద్దరికి గుడ్లు పడవు.