పేరు ముందర

దిల్‌సుఖ్‌నగర్‌ల చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తు,
సాయంత్రం ఆరున్నర క్లాసు.
పెన్సిల్‌తో రాసుకొచ్చిన నా కాగితం మీద
అర్జుమంద్ మేడమ్ ఎర్రగ చిన్న చిన్న గుడిసె కప్పులు వేసింది,
మాట జారిపోయిన జాగల్ల.
"అరే వీరేశం, నీ ఇంగ్లీషు మంచిగనే ఉంది.
నామవాచకాలే చెప్పుల్లేకుండ నడుస్తున్నయ్."

ఏం చెయ్యాలె మేడమ్.
మా భాషల బస్సొచ్చింది అంటే బస్సొచ్చిందే.
ఏ బస్సో
ఎండల నిలబడి ఎదురుచూసెటోనికి ఎరుకే.

మలక్‌పేట దవఖానల వార్డు క్లర్కుని నేను.
పొద్దంత నా చేతుల నలిగే మాటలే ఆరోజు బోర్డు మీద:
ఎక్స్‌రే, ఎమ్మారై, అవర్, యూనిట్.
దేనికి 'ఎ', దేనికి 'యాన్'?
క్లాసంత స్పెల్లింగు చూసి తప్పు చెప్పింది.
నేను నోట్సు అంచుల తెలుగుల రాసి చూసుకున్న.
ఎక్స్‌రే, అచ్చు. ఎమ్మారై, అదీ అచ్చే.
అవర్ ముందరి హెచ్ ఎప్పుడో చచ్చిపోయింది, మిగిలింది అ.
యూనిట్‌ల ఉన్నది య, హల్లు;
రక్తం సంచి ముందర 'యాన్' నిలవదు.
ఒకటో తరగతిల బెత్తం దెబ్బకు వచ్చిన అక్షరాలు
ముప్పై ఏండ్లకు ఇట్ల అక్కరకొచ్చినయ్.

'ది' మటుకు చెవికి చిక్కది.

"చెప్పెటోనికీ వినెటోనికీ ఇద్దరికీ తెలిసుండాలె.
ఒక్కనికే తెలిస్తే చాలదు" అన్నది మేడమ్.
మూసీకి 'ది' పెట్టాలె, నీళ్లు లేని ఎండాకాలం కూడ.
చార్మినార్‌కు పెట్టాలె. హైదరాబాద్‌కు వద్దు.
ఎందుకు మేడమ్ అంటే
చాక్‌పీసు పొడి దులుపుకుంట నవ్వింది.

సోమవారం రాత్రి
మూసారాంబాగ్ బ్రిడ్జి కింద పడి ఉన్న మనిషిని తెచ్చిన్రు.
రిజిస్టర్ల రాసిన:
యాన్ అన్‌నోన్ మేల్, అబౌట్ సిక్స్‌టీ.
'యాన్' సరిగ్గ పడ్డదని సంబురపడ్డ.
రాసిన దిక్కు మళ్ల చూసి
సిగ్గుపడ్డ.

తెల్లారి గంజి పోసే సత్తెమ్మ అడిగింది:
"ఆ పెద్దమనిషి తాగిండా?"
ఏ పెద్దమనిషి అని నేను అడగలె.
నలభై మంచాల వార్డుల
ఆ ఒక్క 'ఆ' ఎటు చూపిస్తదో నాకు తెలుసు.
మా భాషల లేదనుకున్నది
గంజి గిన్నె పట్టుకొని నా ముందర నిలబడ్డది.

స్టేషన్‌కు ఫోన్ చేస్తే
"ఏ మనిషి సార్?
ఈ వారంల తొమ్మిది మంది కనిపిస్తలేరని కాగితాలొచ్చినయ్" అన్నరు.
వాళ్లకు ఇంక 'ఎ'. మాకు అప్పటికే 'ది'.
తీగకు ఈ కొసకూ ఆ కొసకూ
ఒక్క మనిషే, ఇద్దరిలెక్క.

బుధవారం ఒక పిల్ల వచ్చింది.
బడి యూనిఫాం, తడిసి ఆరిన ఆధార్ జిరాక్సు.
నన్నేమీ అడగలె.
మంచాల నడుమ నుంచి సీదా పోయి
ఆయన కాలి బొటనవేలు పట్టుకొని ఊపింది,
ఇంట్ల పొద్దుగాల లేపినట్టు.
"చిత్తారి తాతా."
ఆయన కండ్లు తెరిచిండు.

గీత కొట్టి రాసిన: గుండ్ల చిత్తారి.
పేరు ముందర ఏమీ వద్దు.
ఆ ఖాళీ జాగ చూసుకుంట
కొంచెం సేపు పెన్ను మూత పెట్టలె.

శనివారం హోంవర్కు, మీ వారం గురించి ఐదు వాక్యాలు.
నా ఐదోది:
ది చిత్తారి వెంట్ హోమ్ ఇన్ యాన్ ఆటో.
'యాన్ ఆటో' మీద టిక్కు.
'ది' చుట్టు ఎర్ర సున్న, అర మార్కు కోత.
"పేర్లకు వద్దని తెలుసు కద నీకు?"
తెలుసు మేడమ్, అన్న.
రబ్బరు జేబులనే ఉన్నది.