ముఖం చెల్లదు

జలీబ్‌ల మనీ ఎక్స్‌ఛేంజ్ అద్దం మీద
ఎర్ర అంకెలు పొద్దంత మారుతయ్.
రూపాయి, పెసో, టాకా, దిర్హం…
అంచు చినిగిన నోటుకు కూడ ఏదో ఒక ధర ఉంటది.
నేను లోపల చాయ్ అందిస్త, నేల తుడుస్త.
పదకొండేండ్లల్ల
అద్దం కింది సందుల నుంచి చెల్లదని వాపస్ వచ్చింది
శాన తక్వ చూసిన.

భోజన్న మాత్రం అనేటోడు:
"ముఖం చెల్లదన్నా.
ఇంటికాడ నా ముఖం చెల్లదు."

దొంగతనం చెయ్యలే, తాగుడు లేదు.
కఫీల్ కంపెనీ మూసిండు. ఇకామా చచ్చిపోయింది.
నూటికి మూడు మిత్తి మాత్రం బతికే ఉన్నది.
ఆ ఏడు సర్కారోళ్లు క్షమాభిక్ష పెట్టిండ్రు,
జుర్మానా లేదు, జైలు లేదు, టికెట్ కొనుక్కొని పొమ్మని.
ఎడారి మాఫ్ చేసింది.
మెట్‌పల్లి అవతల ఆయన ఊరు
మాఫ్ చేస్తదో లేదో ఆయనకు తెల్వదు.
అడగలే.

మా రూముల తొమ్మిది మంచాలు, ఐదు దేశాలు.
టేక్ బహదూర్ ఇక్కడ ఓడిపోతే ఇంటికి పోడు, ఖతర్ పోతడు.
కుంజుమోన్ అప్పు చేసి అత్తరు కొనుక్కపోతడు,
ఖాళీ చేతులు వాసన రావద్దని.
మొఫిజుల్ నసీబ్ అని నొసలు కొట్టుకుంటడు,
రాత్రికి చేపలు వండుతడు.
ఉస్తా రఫత్, ఈజిప్టాయన,
గోడ వంకరొచ్చినా, జీతం రాకపోయినా
చెయ్యి గాలిలకు లేపి "మాలేష్" అంటడు.
ఆ మాలేష్ కూడ
ఒకరాత్రి గోడ దిక్కు తిరిగి ఏడ్వంగ విన్న.

ఒక శుక్రవారం భోజన్న లేడు.
ఎట్ల పోయిండో చెప్ప. అది ఆయన కత కాదు.
ఊరి నుంచి ఫోన్లు:
"కాయిదంల గుండె అని రాపియ్యుండ్రి.
గుండె అయితే నలుగుట్ల చెప్పుకోవచ్చు."
నలుగురు.
బతికున్నప్పుడు ఆయన మంచం చుట్టు
రాత్రుళ్లు నిలబడి నిద్రపోనియ్యంది గూడ
ఆ నలుగురే.

సాయవ్వ గుండె గురించి అడగలే,
అప్పు గురించి అడగలే.
"పెట్టె ఎన్నడొస్తది?
ఒక్కసారి ముఖం చూపెట్టమనుండ్రి" అన్నది.

ముఖం.
చెల్లదన్న ఆ ముఖమే.

మొన్న అశన్న చేతిల ఔట్‌పాస్ చెమటకు నానుతున్నది.
మూడు దినాలు మంచం కర్టెన్ తియ్యలే.
నేనే జరిపి లోపల కూసున్న.
"సావాలనిపిస్తున్నదా" అని సీదా అడిగిన.
భోజన్నను అడగనిది అదే.
శానసేపు ఏమనలే. తర్వాత తలకాయ ఊపిండు.
లేవలే నేను.
రఫత్‌ను పిలిస్తె ఖుబ్జ్, లబన్ పట్టుకొచ్చిండు.
తెల్లారేదాక ముగ్గురం
ఒక్క మనిషి మంచం మీద.

నడిరాత్రి అశన్న అడిగిండు:
"మాలేష్ అంటరు గద వీళ్లు,
మనకు అసుంటి మాట లేదానే?"

వెతికిన.
కుండ పలిగినప్పుడు అంటం.
పాలు పొంగి పొయిల పడ్డప్పుడు అంటం.
మనిషి వట్టి చేతులతోని వస్తే
ఎవ్వరూ అనంగ వినలే నేను.

"పోనీ తియ్," అన్న.
నా నోటికే కొత్తగ అనిపించింది.

"మల్లొకసారి అను," అన్నడు.