మడత లోపలి వైపు

నాకు చైనా అక్షరం ఒక్కటీ రాదు.
జిగురు తెలుసు, దారం తెలుసు,
పురుగు ఎటునుంచి ఎటు తిన్నదో తెలుసు.
బెర్గెన్ విశ్వవిద్యాలయం నేలమాళిగలో
ముప్పయ్యారేళ్ళు పుస్తకాలు కుట్టాను.

గుద్రున్ హెల్లే జీవితచరిత్ర
రాసేవాళ్ళు రాయనీ.
ఆమె నలిపేసిన పుస్తకాల్లోనే నేను చదివాను:
నిఘంటువు వీపు విరిగింది
ఆమె మొదటి పాఠం చెప్పిన ఏడు.
ఈ కాఫీ మరక
వీసా ఇవ్వమని ఉత్తరం వచ్చిన పొద్దుటిది.
ఆ తర్వాత పదేళ్ళు
ఆ దేశాన్ని మైక్రోఫిల్ములోనే తిరిగింది.

బతుకంతా ఒక్క చిట్టా ఆమెకి.
ఏ మిషనరీ పెట్టెలోనో సముద్రం దాటొచ్చిన
యున్‌తాన్ జిల్లా కరువు చిట్టా.
షియే అనే గుమాస్తా ఇల్లిల్లూ తిరిగి
తలకిన్ని గింజలని రాసుకున్నది.
మూడేళ్ళ కరువులోనూ అక్కడ జనం తగ్గలేదని
ఆ అంకెల మీదే ఆమె సిద్ధాంతం లేచింది.
తలుపు మీద ఇత్తడి పేరూ దాంతోనే.

ఒక నవంబరు, వాన ఎప్పటిలాగే,
చిట్టా నా బల్ల మీదికొచ్చింది.
వాళ్ళ కాగితం పల్చన. ఒకవైపే రాసి,
మధ్యకి మడిచి, తెరిచిన అంచులు కుట్టేస్తారు.
లోపలి వైపు ఎవరూ చూడరు.
పురుగు బొక్కకి అతుకు వెయ్యాలని
దారం తెంపి మడత విప్పాను.

లోపల సిరా ఉంది.

ఫోన్ చేశాను. మెట్ల మీద ఆమె బూట్లు.
తడికోటు విప్పకుండానే వంగి,
వేలు ఆనించకుండా
గాలిలో ఒక్కో వరుసా దిగుతూ చదివింది.
"పైన ఉన్న పేర్లే.
ఇక్కడ, వాళ్ళు పోయిన తేదీలు."

చచ్చినవాళ్ళ పేర గింజలు తెప్పించి
మిగిలినవాళ్ళకి పెట్టాడు షియే.
తెలిస్తే తల పోయే పని.
అయినా లెక్క లెక్కే కదా,
అబద్ధం వెనకే నిజమూ రాసి
కుట్టేశాడు.

ఇరవై రెండేళ్ళ పని.
ఏడుస్తుందనుకున్నాను.
"నన్ను కూడా బోల్తా కొట్టించాడయ్యా!" అంది,
లాటరీ తగిలినదానిలా.
ముక్కు చివరి వానబొట్టు చిట్టా మీద పడబోతే
చెయ్యి అడ్డం పెట్టాను.

ఆ చలికాలం తన పుస్తకం తప్పని తనే రాసింది.
ఆరు పేజీలు. కొన్ని ఊళ్ళనుంచి పిలుపులు ఆగాయి.
లోపలి పేర్ల మీద కొత్తది మొదలెట్టి
నలభయ్యో ఇంటి దగ్గర
తనే పోయింది.

రాసినంతవరకూ నేనే కుట్టాను,
వాళ్ళ పద్ధతిలో, మడిచి.
ఒక మడతలో ఒక తేదీ ఉంది.
అది చదవాలంటే
ముందు పురుగు తొలవాలి.