అరవై మూడు రోజులు

రాసుకో హైమా.
ముందు తేదీ వెయ్యి.
పెందుర్తి షెడ్డు, ఉక్కపోత, పదకొండు ఆడకుక్కలు.
మగదాని సంగతి నన్నడక్కు,
దాని పని ఒక పూట.
తర్వాత అరవై మూడు రోజుల మోతా,
కళ్ళు తెరవని ముద్దల్ని నాకి నాకి లేపడమూ
ఆడదానివే.

పోర్టు గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు
తాడు పట్టుకుని నిలబడ్డవాణ్ణి.
మంచి లాబ్రడార్లు.
పొద్దున్న ఎనిమిదింటికి కంటైనర్ అడుగున వాసన పట్టేవి,
పదింటికల్లా నాలుక జానెడు వేలాడేసి
ఇనప ఖనిజం ధూళిలో కూలబడేవి.
ఈ సముద్రపు చెమట వాటిది కాదు మరి.
అందుకే పాడేరు కొండల మీంచి
ఆ సన్నకాళ్ళ వేటకుక్కని దింపాం.
దాని ఊపిరీ వీటి ముక్కూ
ఒక్క ఒంట్లో పడతాయేమోనని ఆశ.
పడకపోవచ్చు.
దాని మొండితనమూ వీటి తిండియావా పడొచ్చు.
అదీ రాసుకో.

స్టీలు బేసిన్ కింద పడెయ్యి, గట్టిగా.
ఉలిక్కిపడ్డదాన్ని నేను తప్పు పట్టను,
ఉలిక్కిపడి, మళ్ళీ వచ్చి వాసన చూసిందా లేదా
అదీ లెక్క.
మూడో నెంబరు గోడకి అతుక్కుపోయింది. వద్దు.
ఏడో నెంబరు బేసిన్‌ని కరిచింది. వద్దు.
అయిదోది మంచిదే గానీ మొన్ననే మొదటి ఎద.
పసిదాన్ని తల్లిని చేస్తే రెండు తరాలు పాడు,
ఏడాది ఆగు.
నీ పుస్తకంలో ఎత్తుకి గడి ఉంది, బరువుకి ఉంది,
పళ్ళ వరసకీ ఉంది.
తిండి గిన్నె దగ్గర పక్కదాన్ని ఎలా చూస్తుందో
దానికీ ఓ గడి గియ్యి.

ఇహ ఇసక.
ఎవరూ పిలవకుండానే వచ్చి
నా మోకాలికి తల ఆనించింది చూశావా,
ఫిలోమినా డాక్టరమ్మ దీని పేరు కింద
అప్పుడే రెండు గీతలు గీసింది.
తడి గోనెల కుప్పలో దాచిన గుడ్డముక్కని
నేను బీడీ వెలిగించేలోపు తెచ్చి పడేసింది.
ఎక్స్‌రేలో తుంటి ఎముక
గిన్నెలో గరిటెలా కుదురుగా కూర్చుంది.

కానీ దీని అమ్మని నేనెరుగుదును.
జాలారిపేటలో ఎల్లాజీ ఇంటి ముందు
వలల మీద పడుకునేది.
రెండేళ్ళకి తిన్నగా నడిచింది,
నాలుగేళ్ళకి వెనకకాళ్ళు ఈడ్చింది,
ఆరేళ్ళకి లేవలేదు.
అమ్మేటప్పుడు ఎల్లాజీ
"దీని తల్లిని లారీ గుద్దింది బాబూ" అన్నాడు.
ఏ లారీ?
ఆ సందులో సైకిలే పట్టదు.

నిన్న రాత్రి ఇది నాకొక్కడికే తెలుసు.
ఫిల్ము బాగుంది, కింద సంతకం నాది కాదు.
అయిదారు పిల్లలు పుట్టేవి, ఇసక రంగువి,
ఒకటి నాకిమ్మని అడుగుదునేమో కూడా.
నాలుగేళ్ళకి ఏ గంగవరం గేటు దగ్గరో
నాలాంటివాడొకడు తాడు లాగుతాడు,
తాడు కదుల్తుంది,
కుక్క లేవదు.
వాడు దాన్నే తిడతాడు.

రాసుకో హైమా.
పదకొండో నెంబరు, ఇసక, వద్దు.
అంత నొక్కి రాయకు,
కాగితం చిరుగుతుంది.

మిగిలినవి రెండోదీ పదోదీ.
అందగత్తెలేం కాదు, పదోదానికి ఒక చెవి వంకర.
కానీ వాటి అమ్మమ్మలు
పదమూడో ఏటా సింహాచలం మెట్లు ఎక్కినవి.
డాక్టరమ్మకి నేనే చెప్తాను, నువ్వు మధ్యలో రాకు.

ఆపరేషన్ అయ్యి, కుట్లు ఆరాక
ఇసకని కంచరపాలెం తీసుకుపోతాను.
మాది మేడ మీద వాటా, పద్దెనిమిది మెట్లు.
ఇప్పుడైతే రెండంగల్లో ఎక్కేస్తుంది.
తర్వాతంటావా,
నా మోకాళ్ళూ పోర్టు సిమెంటు మీద అరిగినవే.
కింద వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందో
ఇంటావిణ్ణి
ఇవాళే అడుగుతాను.