పది దిర్హమ్‌లు వెనక్కి

నాయిఫ్ గల్లీల మూడో అంతస్తు.
ఎనిమిది మంచాలు, ఒక కిటికీ,
కిటికీకి అడ్డంగ ఏసీ డబ్బా.
సెంట్రింగు పోశెట్టి ఫోన్ల
మూడు యాప్‌లు మూడు పెండ్లి సంబంధాల్లెక్క వచ్చి కూసున్నయి.

ఒకటి ఆకుపచ్చది.
'స్వాగతం పోశెట్టి గారూ' అంటది, తెలుగుల.
"తొమ్మిదేండ్లల్ల ఈ దేశంల నన్ను గారు అన్నది ఇదొక్కతే"
అనుకుంట వాడు అటే మొగ్గిండు.
రెండోది నల్లది. నవ్వది.
సన్నక్షరాల నలభై పేజీల షరతులు.
మూడోది ఖాజావలి తెచ్చిండు:
దిర్హం పెడితే నూరు దిర్హమ్‌ల బంగారం ఆడొచ్చు.
నూరు రెట్లు వచ్చేది ఉంటే
నూరు రెట్లు పొయ్యేది కూడ ఉంటది గద, అన్న.
"నువ్వు బస్తాలు తూచుకోపో" అన్నడు.

నిజమే, బస్తాలే తూస్త.
క్రీకు ఒడ్డున పడవలు దిగే పసుపు, మిరియం, ఎండు నిమ్మ.
పసుపు కొమ్ము ఇరిస్తే పుటుక్కుమనాలె;
వంగిందంటే నీళ్లు తాగింది,
బస్తాకు రెండు కిలోలు తరుగు రాయాలె.
ముసలి ఇరానీ సేటు బెహ్రూజ్
కొలువుల చేర్చుకున్ననాడు ఒక్కటే మాట చెప్పిండు:
ముల్లును చూడకు,
తూచేటోని చిటికెన వేలు చూడు.

వారం రోజులు
ఆ ఫోన్ల చిటికెన వేలు ఎతికినం.
కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి,
నడుమ ఎంట్రుకంత సందు.
ఆకుపచ్చదాని సందు పొద్దుగాల ఎంట్రుకే,
సాయంత్రం న్యూయార్క్ తలుపు తెరిచే యాళ్లకు
మా బాత్రూం తలుపంత.
బంగారం రాత్రి మన పేరు మీద పండుకుంటే
దానికీ మంచం కిరాయి ఉన్నది.
వడ్డీ లేని ఖాతా కావాలన్నడు ఖాజావలి.
ఇచ్చిన్రు. అదే కిరాయికి
సేవా రుసుం అని పేరు పెట్టిన్రు.

లైసెన్సు ఏడిదే అంటే
మూడోది ఒక దీవి పేరు చెప్పింది.
పటంల దాని మీద వేలు పెడితే
దీవి వేలు కిందనే పోయింది.

"పైసలు ఏసుడు ఎవడన్న ఏపిస్తడు,
తీసుడు సూద్దాం" అన్న నేను.
ఒక్కొక్కదాంట్ల రెండు నూర్లు ఏసి
పది దిర్హమ్‌లు వెనక్కి అడిగినం.

ఆకుపచ్చది మనిషితోటి ఫోన్ చేపిచ్చింది.
తేనె లాంటి హిందీ. "ఎందుకు సార్ తీస్తున్నరు,
బోనస్ ఇస్తం, ఇంకో వెయ్యి ఏయండి."
మూడోది ఇయ్యాల్టి దాక ఉలుకదు పలుకదు.
ఖాజావలి దాని ముచ్చట ఎత్తనిస్తలేడు.
నల్లది పాస్‌పోర్ట్ అడిగింది, ముఖం ఫోటో అడిగింది,
గదిల లైటు తక్కువుందని మళ్లీ అడిగింది,
రెండో నాడు అసర్ బాంగు యాళ్లకు
పది దిర్హమ్‌లు పంపింది.

ఆ పదితోటి ఎనిమిది మంది కరక్ చాయ్ తాగినం.
రెండు దిర్హమ్‌లు మిగిలినయి.

ఇప్పుడు రాత్రి పన్నెండు.
నల్ల యాప్‌ల బంగారం, రాగి, చమురు ఎక్కుకుంట దిగుకుంట ఉన్నయి.
పసుపు ఉన్నదా అని ఎతికిన. లేదు.
ఉన్నా, ఇరిచి సూసేటందుకు అద్దం తప్ప ఏమున్నది?
'కొను' అన్న గడి మీద
పోశెట్టి బొటన వేలు ఆగి వణుకుతున్నది.

తూచేటోని వేలు చూడుమన్నడు సేటు.
కొనేటోని వేలు ముచ్చట
ఏం చెప్పలే.